ఊగే బల్ల, కోయని చెక్క

ముందుగా క్షమాపణ. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, కాస్త పోలికలు పట్టి చదువుకోండి. 'శ'కీ 'ష'కీ మధ్య ఏదో పాత తగాదా ఉందట, అందులో నేను తలదూర్చను. ఏది ముందు చేతికొస్తే అది రాస్తాను. నేను ఒక పేజీ నింపేలోపల మీరు ఒక జాకెట్టు కుట్టించుకుని, బిగుతైందని వెనక్కిచ్చి, వదులు చేయించుకుని తెచ్చుకోవచ్చు. బతుకంతా కాజాలూ హుక్కులూ కుట్టి, మా ఆయన పోయాక, అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఈ వంకర్లలో సగం తప్పు నాది. మిగతా సగం నేను రాసుకునే బల్లది. అది ఊగుతుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక అసలు విషయం. ఇష్టమైన వస్తువుల్ని వాడకుండా ఇల్లంతా పేర్చుకునే మనుషులున్నారే, వాళ్ళ వల్లే ఈ లోకం ఇంకా నిలబడి ఉంది!

నవ్వకండి. ఊరికే అనడం లేదు. అలాంటి మనిషి ఇంట్లో ఉంటున్నాను. ఆ సామాను పక్కనే పడుకుంటున్నాను. నాకన్నా ఎవరికి తెలుస్తుంది?

మా వీధి చివర మందుల షాపాయన్ని చూడండి. ఆయనకి గాలాలంటే పిచ్చి. మూడంతస్తుల పెట్టెనిండా గాలాలు, రంగురంగుల ఎరలు, దారపు కండెలు. ఇంతవరకూ ఒక్క చేపని పట్టిన పాపాన పోలేదు. చేపల వైపు నుంచి ఆలోచించండి! వాటికి ఇంతకన్నా ఆప్తుడు ఎవడున్నాడు? ఊళ్ళో గాలాలన్నీ ఆయన పెట్టెలో ఇరుక్కుపోతే ఎన్ని చేపలు పిల్లాపాపలతో సుఖంగా ఉన్నాయో ఎవరైనా లెక్క కట్టారా?

ఎదురింటి టీచరమ్మ దగ్గర వంటల పుస్తకాలు అలమారా పట్టనన్ని ఉన్నాయి. వాళ్ళాయన రోజూ హోటల్ నుంచి పొట్లాలు తెస్తాడు. ఆవిడ ఒక చేత్తో పొట్లం విప్పుకుని తింటూ, ఇంకో చేత్తో వంటల పుస్తకం తిరగేస్తుంది. "ఇది తింటూ అది చదివితే రెండు రుచులూ వస్తాయి పిన్నిగారూ!" అంటుంది. హోటలువాడు బతికాడా లేదా? పుస్తకాలు అచ్చేసినవాడు బతికాడా లేదా? పుస్తకానికి నూనె మరకైనా అంటిందా? వంట తెలిసిన ఆడదాని వల్ల ఇంతమందికి మేలు జరిగిందని నేనైతే ఎప్పుడూ వినలేదు.

ఇలాంటివాళ్ళని పట్టుకుని చెత్త పోగేస్తున్నారనే జనానికి బొత్తిగా కృతజ్ఞత లేదు.

ఇక మా ఇంటికి రండి. జాగ్రత్త, గుమ్మంలో ఒక దుంగ ఉంది, తట్టుకోకండి. అది దుంగ కాదట, భవిష్యత్తులో అది పుస్తకాల స్టాండు.

మా అల్లుడుగారు పళ్ళ డాక్టరు. కింద క్లినిక్కు, పైన ఇల్లు. అపాయింట్‌మెంట్లు చూసుకునేది మా అమ్మాయి. అల్లుడుగారి చెయ్యి చాలా మంచిదని పేరు. పొద్దుట్నించీ కింద నుంచి డ్రిల్లు గిర్రుమంటూ ఉంటుంది. "నోరు తెరవండి. ఏం కాదు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని ఆయన అనడం వినిపిస్తుంది. ఆ వెంటనే, అది చీమ కాదని అవతలి మనిషి అరవడమూ వినిపిస్తుంది.

అంత ధైర్యంగా మనుషుల నోళ్ళలో చెయ్యి పెట్టే మా అల్లుడుగారికి ఒక సరదా ఉంది. చెక్కపని.

గోడకి రంపాలు వరసగా వేలాడుతుంటాయి. పెద్దది, దాని పక్కన చిన్నది, ఇంకా చిన్నది, అందరూ కలిసి ఫ్యామిలీ ఫొటో దిగినట్టు. ఉలులు ఒక్కొక్కటీ మెత్తటి ముఖమల్ గుడ్డలో చుట్టుకుని నిద్రపోతుంటాయి. నాకు చలికాలంలో కూడా అంత మంచి దుప్పటి లేదు. చెక్కని నున్నగా గీకే చిత్రికలు గాజు తలుపుల బీరువాలో ఉంటాయి. ఆ బీరువా మొదట మా అమ్మాయి చీరలకని కొన్నది. చెక్కల్ని బిగించి పట్టుకునే క్లాంపులైతే వంటింటి అటక దాకా పాకాయి. క్లాంపులు ఎన్నున్నా ఇంకా ఒకటి తక్కువేనట! ఈ సూత్రం చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి, ఎంత గంభీరంగా ఉంటుందో.

ఇన్ని పెట్టుకుని ఇంతవరకూ ఏం చేశాడయ్యా అని మీరు అడుగుతారు. అడగండి, తప్పేముంది? ఒక గరిటె చేశారు. సగం. పెళ్ళైన కొత్తలో మా అమ్మాయి కోసం మొదలుపెట్టారు. పట్టుకునే వైపు అయింది. వడ్డించే వైపు ఇంకా చెక్కే. దాన్ని హాల్లో గాజు పెట్టెలో పెట్టారు. వచ్చినవాళ్ళంతా చూసి, "అబ్బ! పూర్తయితే ఎంత బాగుంటుందో!" అంటారు. పూర్తయిన గరిటెని చూసి ఆ మాట ఎవరైనా అంటారా?

ఒకసారి నేను కూడా మీలాగే తెలివితక్కువగా అడిగాను.

"బాబూ, నా మంచం కింద ఆ రోజ్‌వుడ్ చెక్క దేనికి?"

"దేనికైనా అత్తయ్యా!" అన్నారు, కళ్ళు మెరిసిపోతుండగా. "ఉయ్యాల చెయ్యొచ్చు. పడక్కుర్చీ చెయ్యొచ్చు. నగల పెట్టెలు చెయ్యొచ్చు."

"అయితే ఏదో ఒకటి మొదలుపెట్టండి మరి."

"అమ్మో! ఒకటి చేస్తే మిగతావి పోవూ?"

చూశారా లెక్క! కోయనంతకాలం ఆ చెక్క ఉయ్యాలా, పడక్కుర్చీ, నగల పెట్టే, అన్నీనూ. కోశామా, ఒట్టి స్టూలైపోతుంది. అంటే నేను రోజూ ఉయ్యాల మీద, పడక్కుర్చీ మీద, నగల పెట్టె మీద ఒకేసారి పడుకుంటున్నానన్నమాట. ఏ మహారాణికి దక్కిందండీ ఈ భోగం?

చెక్కలన్నీ నా గదిలోనే ఎందుకంటారా? మంచి చెక్కకి ఎండ తగలకూడదట, చెమ్మ తగలకూడదట. "మీ గది వాతావరణం రోజ్‌వుడ్‌కి బాగా పడిందత్తయ్యా" అన్నారు అల్లుడుగారు. నా మోకాళ్ళకి పడిందో లేదో ఎవరూ అడగలేదు. మోకాళ్ళు వంగినా ఫరవాలేదు, వాటి పనే వంగడం. చెక్క వంగితే కష్టం. అందుకే టేబులు ఫ్యానుని చెక్క వైపు తిప్పారు. నాకూ కొంచెం గాలి వస్తుంది, చెక్కకి తగిలి వెనక్కొచ్చేది.

ఇంకో మేలు ఉంది. దీర్ఘాయుష్షు. ఇంట్లో ఉన్న చెక్కంతా వాడాలంటే అల్లుడుగారికి ఈ జన్మ చాలదు. అంత పని చేతిలో ఉన్న మనిషిని చావు వచ్చి పిలిచిందనుకోండి, "కాసేపు కూర్చోండి, ఈ ఉయ్యాల ఒక్కటి అయిపోనివ్వండి" అనొచ్చు. మర్యాదగల చావైతే కూర్చుంటుంది. చేతిలో పని మిగుల్చుకోనివాళ్ళకి అలా చెప్పుకోడానికి ఏముంటుంది? మా ఆయనే ఉన్నాడు. టైలరు. సుద్దముక్కతో గీత గీశాడంటే, ఆ గుడ్డని బల్ల మీద వదిలి కాఫీకి కూడా వెళ్ళేవాడు కాదు. కత్తెర పడాల్సిందే. ఆయన పోయిన రోజు షాపులో చూశాను. ఒక్క గుడ్డ కూడా మిగల్లేదు. అందరివీ కుట్టేసి, ఇస్త్రీ చేసి, హ్యాంగర్లకి తగిలించి వెళ్ళిపోయాడు.

ఒక్క లంగా గుడ్డైనా పక్కన పెట్టుకోవాల్సింది. పిచ్చివాడు.

సరే, సంసార సుఖం సంగతి చూద్దాం. సరదా ఉన్న మొగుడు ఎప్పుడూ ఇంటిపట్టునే ఉంటాడు. ఎందుకంటే పార్సిలు ఎప్పుడొస్తుందో తెలియదు! మొన్నొకటి వచ్చింది. అట్టపెట్టె విప్పారు. చిత్రిక.

మా అమ్మాయి వంటింట్లోంచి చూసింది. "ఇదీ, పోయిన నెల వచ్చిందీ ఒకటే కదండీ?"

"ఒకటేమిటి! బాగా చూడు. ఇది ఎడమ చేతివాళ్ళది."

"మనింట్లో ఎడమ చేతివాళ్ళెవరు?"

అల్లుడుగారు చిత్రికని ఎడమ చేతిలోకి మార్చుకున్నారు. "ఇప్పటికి ఎవరూ లేరు."

"మరి?"

"మరంటే? రేపు ఎవరైనా వస్తే? చిత్రిక లేదని వెనక్కి పంపిస్తామా?"

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. కిటికీకి అడ్డంగా టేకు ఉంది.

న్యాయం న్యాయంగా మాట్లాడుకోవాలి కాబట్టి నా సంగతి కూడా చెబుతాను. అక్షరాలు వచ్చినప్పటినుంచీ నాకు పెన్సిళ్ళంటే ప్రాణం. కొత్త పెన్సిలు వాసన చూస్తే కొత్త గుడ్డ తాను విప్పినంత సంతోషం. సొరుగు నిండా దాచుకున్నాను. చెక్కను. చెక్కితే పొట్టిదైపోతుందిగా! గీతలు గీసిన మంచి తెల్ల కాయితాలు కూడా ఒక కట్ట ఉంది. దాని మీద రాయను, పాడవుతుంది. క్లినిక్కులో మిగిలిన 'రోజుకు రెండుసార్లు బ్రష్ చేయండి' కాయితాల వెనక వైపు, అరిగిపోయిన పెన్సిలు ముక్కతో రాస్తాను. నా రచనలన్నిటి వెనకా ఒక పన్ను నవ్వుతూ ఉంటుంది.

ఇప్పుడు బల్ల.

అది మా ఆయన గుడ్డలు కత్తిరించిన బల్ల. షాపు ఎత్తేశాక నాతోపాటు ఇక్కడికొచ్చి, నా గదిలో చోటు లేక హాల్లో ఉంటోంది. వస్తూ వస్తూ మెట్ల మీద ఒక కాలు విరగ్గొట్టుకుంది. ఏదో తాడుతో కట్టాం కానీ పొట్టిదైపోయింది. ఆ కాలి కింద అల్లుడుగారి పనిముట్ల కేటలాగు మడతపెట్టి ఉంచాం. కొత్త కేటలాగు వచ్చినప్పుడల్లా పాతది కాలి కింద చేరుతుంది. ఈసారి కంపెనీవాళ్ళు పేజీలు తగ్గించారు. అప్పటినుంచీ నా వాక్యాలు కుడి పక్కకి జారుతున్నాయి.

ఆ బల్ల మీద కత్తెర మొన దిగిన గాట్లున్నాయి. సందుల్లో ఇంకా సుద్ద ఉంది. ఇన్నేళ్ళూ నేను దాని కింద కూర్చుని హుక్కులు కుట్టాను, కొలతలు రాసేది ఆయన. ఆయన పోయాకే నేను దాని ముందు స్టూలేసుకుని కూర్చున్నాను. మొదటి 'అ' దిద్దింది ఆ గాట్ల మధ్యే. ఇంకెక్కడ కూర్చున్నా నాకు అక్షరం రాదు. మంచం మీద కూర్చుని చూశాను, నిద్ర వస్తుంది.

ఒకరోజు మా అమ్మాయి కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. బల్ల ఒక్క ఊపు ఊగింది. పొద్దుట్నించీ కష్టపడి రాసిన పేజీ మొత్తం కాఫీలో మునిగింది.

"ఇంక చాలమ్మా" అంది అమ్మాయి, పమిటతో తుడుస్తూ. "ఆదివారం నాటికి ఈ కాలు బాగవ్వాలి. లేదంటే పాత సామాన్లతన్ని పిలిచి బల్ల ఇచ్చేస్తాను. ఏదో ఒక రోజు ఇది నీ కాలి మీద పడుతుంది."

"ఒక వడ్రంగిని పిలవవే."

గుమ్మంలోంచి అల్లుడుగారు పరుగున వచ్చారు. "వడ్రంగా? మనింటికా? నేనుండగా? రేపు క్లినిక్కుకొచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

"పళ్ళ డాక్టరు పళ్ళు చూసుకుంటున్నాడనుకుంటారు" అంది మా అమ్మాయి.

ఆయన ఛాతీ మీద చెయ్యేసుకుని మాటిచ్చారు. ఆదివారం లోపల కాలు చేస్తానని. అమ్మాయి కూడా మాటిచ్చింది. చేయకపోతే బల్ల బండెక్కుతుందని. ఇద్దరివీ విన్నాను. ఒకరి మాట మీదే నమ్మకం కలిగింది, అదే భయం.

ఆ వారమంతా ఆయన ఎంత శ్రమపడ్డారో మీకు తెలియదు. కాలు కొలిచారు. బొమ్మ గీశారు. రంగు పెన్సిళ్ళతో ఇంకో బొమ్మ గీశారు. బీట లోపల ఎంతవరకూ పోయిందో చూడాలని ఎక్స్‌రే తీయబోయారు కానీ బల్ల పళ్ళ మిషన్లో పట్టలేదు. ఆ కాలి కోసమే ప్రత్యేకంగా ఒక క్లాంపు తెప్పించారు. ఇక కోయడమే తరువాయి అనుకుంటే, తగిన ఉలి కనిపించలేదు. ఎక్కడో దాచారు. ఎక్కడో తెలియదు.

"అత్తయ్యా, ముందు సామానుకి పేర్లు రాసుకోవాలి" అన్నారు. "మీకు రాత అలవాటవుతుంది, నాకు వస్తువు దొరుకుతుంది. దాచిన ఉలులు, దాచిన రంపాలు, దాచిన చిత్రికలు, ఇలా పెట్టెకొక చీటీ రాసివ్వండి. వాడేవాటితో కలిసిపోకూడదు."

వాడేవాటికి చీటీ రాయాల్సిన అవసరం రాలేదు.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. అక్షరాల్లో నాకు ఓత్వం అంటే మహా ముద్దు. నెత్తిన చిన్న సుడి తిరిగి, చివర జాకెట్టు హుక్కులా వంగి ఉంటుంది. ఎక్కడ కాస్త సందు కనబడినా ఒక ఓత్వం తగిలించాలనిపిస్తుంది. ఒక్క దీర్ఘం సరిపోయే చోట కూడా! సరదా అంటే అదే కదా, అవసరం లేకపోయినా ఇంకొకటి పెట్టుకోవడం.

చీటీలన్నీ కుదురుగా రాసిచ్చాను. అల్లుడుగారు చదవకుండానే అంటించేశారు. ఇలాంటి మనుషులు పెట్టె మీద ఏముందో చూడరు, పెట్టె నిండిందా లేదా అనే చూస్తారు.

ఆదివారం వచ్చింది. కాలు రాలేదు. స్నేహితులొచ్చారు.

చెక్కపని సరదా ఉన్నవాళ్ళంతా నెలకొకసారి ఒకరింట్లో కలుస్తారు. కాఫీ తాగుతారు, పనిముట్లు చూసుకుంటారు, అబ్బా అబ్బా అనుకుంటారు, వెళ్ళిపోతారు. ఎవరి బట్టలకీ పొట్టు అంటదు. ఈసారి మా ఇంటి వంతు. వాళ్ళ వెనకే పాత సామాన్లతను కూడా బండి వేసుకుని వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

వచ్చినవాళ్ళలో రిటైరైన స్టేషన్ మాస్టరుగారు పెద్దాయన. కళ్ళజోడు సర్దుకుని, ఒక పెట్టె మీది చీటీని ప్లాట్‌ఫారమ్ మీద రైలు పేరు చెప్పినట్టు గట్టిగా చదివారు.

"దోచిన... ఉలులు!"

ఆయన వేలు పక్క పెట్టెల మీదికి వెళ్ళింది.

"దోచిన రంపాలు! దోచిన చిత్రికలు! ఏమయ్యా డాక్టరూ, ఇదేం ధైర్యమయ్యా, ఇంత బాహాటంగా!"

అల్లుడుగారు నోరు తెరిచారు. ఆ నోరు ఆయన తెరిపించేవాళ్ళ నోళ్ళకన్నా పెద్దదిగా ఉంది. ఈలోపల స్టేషన్ మాస్టరుగారు పెట్టెలో చెయ్యి పెట్టి, పిడికి ఎర్ర దారం చుట్టిన ఉలి ఒకటి పైకి తీశారు.

"ఇది నాదే! ఇల్లంతా వెతికానయ్యా దీనికోసం! మా ఆవిడ పారేసిందని పండు ముసలిదాని మీద కేకలేశాను!"

"అది... అప్పుడు చూసిస్తానని తీసుకెళ్ళి... జాగ్రత్తగా దాచాను సార్" అన్నారు అల్లుడుగారు.

"దాచావా? ఇక్కడ వేరే రాసుందే!"

ఇక చూస్కోండి. తలా ఒక పెట్టె మీద పడ్డారు. "ఈ చిత్రిక నాదిగా!" అని ఒకరు. "ఈ చిల్లులు పొడిచే బర్మా నేను పోయిందనుకున్నది!" అని ఇంకొకరు. అల్లుడుగారికి రోషం వచ్చింది. "మరి నా చిన్న రంపం ఎవరింట్లో ఉంది? చెప్పండి!" అన్నారు. ఇద్దరు ముగ్గురు తలొంచుకున్నారు. స్టేషన్ మాస్టరుగారు దగ్గారు.

"అది నేనూ దాచానులే" అన్నారు మెల్లగా.

"అత్తయ్యా!" అల్లుడుగారు నా వైపు తిరిగారు. "దాచిన అని కదా రాయమన్నాను!"

"అదే రాశాను బాబూ."

"అమ్మ తప్పేం రాయలేదండీ" అంది మా అమ్మాయి, నవ్వు ఆపుకోలేక గోడని పట్టుకుని. "ఒక్క గుణింతం ఎక్కువ నిజం రాసింది!"

నాకప్పుడే తెలిసింది, ఆ రెండు మాటలకీ మధ్య ఉన్నది నెత్తిన ఒక్క సుడి మాత్రమేనని. నా గదిలో నేల ఎటు పోయింది? దాచారు. మా అమ్మాయి చీరల బీరువా ఎటు పోయింది? దాచారు. నా ఫ్యాను? దానికి కావాలంటే మీరే ఒక సుడి పెట్టుకోండి.

అంతలో మెట్ల మీద నుంచి పాత సామాన్లతను లేచి వచ్చాడు. "అమ్మా, నాకింకా రెండు వీధులున్నాయి. ఆ బల్లేదో చూపిస్తే ఎక్కించుకుపోతాను."

అందరూ బల్ల చుట్టూ చేరారు. ఇంతమంది చెక్కపని తెలిసినవాళ్ళున్నారు, ఇన్ని పనిముట్లున్నాయి, నాకు ప్రాణం లేచొచ్చింది. కాలు నొక్కి చూశారు. అతుకు ఎలా వేయాలో ఒకాయన చెప్పారు. అలా వేస్తే నిలవదని ఇంకొకాయన చెప్పారు. జిగురు గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. దీనికి సరిగ్గా సరిపోయే చెక్క తన దగ్గర ఉందని ప్రతివాళ్ళూ అన్నారు. తెస్తానని ఎవరూ అనలేదు.

"మీరు మాట్లాడుకుంటూ ఉండండయ్యా" అని పాత సామాన్లతను వంగి బల్లని ఒక పక్కనుంచి లేపాడు. కాలి కింద కేటలాగు నేల మీద పడింది. మా అమ్మాయి అడ్డు చెప్పలేదు. అన్న మాట అన్నట్టే చేస్తుంది, వాళ్ళ నాన్న పోలిక.

ఒక చిన్న పని చేశాను. నా గదిలోకి వెళ్ళి, మంచం కిందినుంచి ఆ రోజ్‌వుడ్ చెక్కని బరబరా ఈడ్చుకొచ్చాను. బల్ల పక్కన నేల మీద పడేశాను. తాడు విప్పి, విరిగిన కాలిని చెక్క మీద ఆనించాను. సొరుగులోంచి మా ఆయన సుద్దముక్క తీసి, తగ్గిన పొడవు కలిపి దాని చుట్టూ గీత గీశాను. టైలరు పెళ్ళాన్ని, నాకు అక్షరాలకన్నా ముందు వచ్చింది గీత.

హాల్లో ఎవరో "హా!" అన్నారు, ప్రాణం పోయినట్టు.

"అత్తయ్యా, అది రోజ్‌వుడ్!"

"తెలుసు బాబూ. దాని మీదేగా నేను పడుకునేది."

ఆ నల్లటి చెక్క మీద తెల్లటి గీత. పాత సామాన్లతను కూడా బల్ల దించేసి చూస్తున్నాడు. అల్లుడుగారు గోడకున్న రంపాల్లో ఒకటి తీశారు. గీత మీద పెట్టారు. తీశారు. మళ్ళీ పెట్టారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"చెయ్యి రావట్లేదత్తయ్యా" అన్నారు, నాకొక్కదానికే వినిపించేలా. "పాడైపోతే?"

నాకు జాలేసింది. కానీ బల్ల నాది.

"కళ్ళు తెరవండి బాబూ" అన్నాను. "ఏం కాదు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

రంపం పడింది.

అబ్బ, ఏం వాసనండీ! ఇన్నాళ్ళు నా మంచం కింద పడుకుని కూడా ఆ చెక్క ఒక్కసారీ తన వాసన నాకు చూపించలేదు. ఇల్లంతా కమ్ముకుంది. మా అమ్మాయి దగ్గరికొచ్చి ఊపిరి పీల్చుకుంటూ నిలబడింది. స్టేషన్ మాస్టరుగారు ఎర్ర దారం ఉలి అల్లుడుగారి చేతికిచ్చి, "ఇప్పుడు వాడుకో, వాడి ఇచ్చెయ్యి" అన్నారు.

కాలు వచ్చింది. చెప్పుకోడానికి అందంగా ఏం లేదు. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం, మొదట్లో కాస్త మెలి. దవడ పన్నుని వేళ్ళతో సహా పీకి నిలబెట్టినట్టుంటుంది. "కొంచెం వంకరొచ్చింది డాక్టరూ" అన్నారెవరో. "వస్తే వచ్చింది!" అన్నారు మా అల్లుడుగారు, ఒళ్ళంతా పొట్టుతో. ఆ సాయంత్రమంతా ఆ కాలిని అటొచ్చి ఇటొచ్చి తడుముకుంటూనే ఉన్నారు, పన్ను పోయిన చోట నాలుక పోయినట్టు. పాత సామాన్లతను ఉత్త చేతుల్తో పోకుండా మా అమ్మాయి కేటలాగులన్నీ ఎత్తి బండిలో వేసింది.

బల్ల ఊగడం లేదు. కాఫీ పెట్టి చూశాం. చుక్క ఒలకలేదు.

ఇక్కడితో ఆపేస్తే నాకూ మర్యాదగా ఉండేది. కానీ జాగ్రత్తగా చదివేవాళ్ళు ఈపాటికి పట్టేసి ఉంటారు. మొదట్లో ఒక అబద్ధం రాశాను. ఈ వంకర్లలో సగం తప్పు బల్లదని, అది ఊగుతుందని. బల్ల ఊగడం మానేసి వారమైంది.

మర్నాడు పొద్దున్నే స్టూలేసుకుని కూర్చున్నాను. ఇక ముత్యాల్లా వస్తాయని. ఒక వాక్యం రాశాను. కుడి పక్కకి జారింది! లేచి కాలు చూశాను, నిటారుగా ఉంది. కాయితం సర్దాను. ఇంకో వాక్యం రాశాను. అదీ జారింది!

పెన్సిలు కింద పెట్టి కూర్చున్నాను. నా చేతిని చూసుకుంటూ.

మా అల్లుడుగారు ఇన్నాళ్ళూ దాచుకున్నది చెక్కని కాదండీ. ఆ చెక్క కోయనంతకాలం మా ఇంట్లో ఒక గొప్ప పనివాడు ఉండేవాడు. ఉయ్యాలలూ నగల పెట్టెలూ అద్భుతంగా చేసేవాడు, ఇంకా మొదలుపెట్టలేదు, అంతే. రంపం పడగానే ఆయన వెళ్ళిపోయి, ఆయన స్థానంలో వంకర కాలు చేసిన పళ్ళ డాక్టరు ఒకాయన మిగిలారు. నా బల్ల ఊగినంతకాలం నేనూ అంతే. చక్కటి చేతిరాత ఉన్న మనిషిని, పాపం బల్ల మంచిది కాదు.

కాబట్టి పాఠకులారా, నా మాట వినండి. దాచుకోండి! గాలాలు దాచుకోండి, ఊలు దాచుకోండి, వంటల పుస్తకాలు దాచుకోండి. ఏదీ విప్పకండి, కోయకండి, మొదలుపెట్టకండి. ముఖ్యంగా ఇంట్లో ఎవరి బల్లనీ బాగుచేయకండి. నా ఫిర్యాదు నేల గురించి కాదు, ఫ్యాను గురించి అసలే కాదు. ఈ ముసలిదానికి ఉన్న ఒకే ఒక్క సాకుని పట్టపగలు, అందరూ చూస్తుండగా దోచుకున్నారు!

చూశారా, ఈసారి ఓత్వం సరైన చోటే పడింది.

అల్లుడుగారు ఆ రోజే గాజు పెట్టె తెరిచి సగం గరిటె బయటికి తీశారు. నేనేం తక్కువ తిన్నానా? సొరుగులోంచి కొత్త పెన్సిలు తీసి చెక్కాను. మంచి కాయితాల కట్ట విప్పాను. దాని మీద రాయనన్నాను కదా, మీరు చదువుతున్నది దాని మీద రాసిందే. వెనక పన్ను లేదు. ఉన్న వంకర్లన్నీ నావే.

ఇట్లు,
కత్తెర పిన్ని
(వీధిలో పిలిచే పేరు ఇదే. అసలు పేరులో శానో షానో ఒకటుంది, అందుకని రాయను.)
వయసు అరవై తొమ్మిది.
ప్రస్తుతం ఉంటున్నది పళ్ళ డాక్టరుగారి ఇంట్లో, ఎండా చెమ్మా తగలని వెనక గదిలో, ఒక పడక్కుర్చీ, ఒక నగల పెట్టె మీద. ఉయ్యాల ఇక లేదు. అది బల్లకి కాలైంది.